టెక్సాస్‌లో పాసైన కారు ఫ్రీమాంట్‌లో ఎందుకు ఆగింది?

ప్రశ్న: అన్నయ్యగారూ, నమస్కారం. మేము పదకొండేళ్ళు డాలస్ పక్కన అర్వింగ్‌లో ఉండి ఈమధ్యనే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చాం. మాకు 2008 మోడల్ టొయోటా ప్రియస్ ఉంది, పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కారు. నేను ఎంఎస్ అయ్యి ఉద్యోగంలో చేరాక సొంత డబ్బుతో కొనుక్కున్న మొదటి కారు. 1,42,000 మైళ్ళు తిరిగింది. 2022లో అపార్టుమెంటు పార్కింగులో ఉండగా రాత్రికి రాత్రి దాని క్యాటలిటిక్ కన్వర్టర్ (ఇంజిన్ పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) కోసుకుపోయారు. మా బీమాలో అది రాదన్నారు. తెలిసిన మెకానిక్ తక్కువ ధరలో కొత్తది వేశాడు. ఆ తర్వాత కూడా టెక్సాస్‌లో ఏటా పొగ పరీక్ష పాసవుతూనే ఉంది.

కారును ట్రైలర్ మీద తెప్పించాం. వచ్చేసరికి చిన్న బ్యాటరీ చచ్చిపోయి ఉంటే మార్చాం. మర్నాడు స్మాగ్ చెక్‌కు, అంటే ఇక్కడి పొగ పరీక్షకు, వెళితే 'మానిటర్లు పూర్తి కాలేదు' అని ఫెయిల్ చేశారు. పది రోజులాగి మళ్ళీ వెళితే ఈసారి కంప్యూటర్ పరీక్ష పాసైంది, కానీ కన్వర్టర్ దగ్గర 'మాడిఫైడ్' అని రాసి మళ్ళీ ఫెయిల్ చేశారు. మేము ఏమీ మార్చలేదు! 49 రాష్ట్రాల కార్లు కాలిఫోర్నియాలో అసలు రిజిస్టర్ కావని ఒకరు చెప్పారు. రెండు వందల డాలర్లు ఎక్కువిస్తే పాస్ చేయించే చోటు తెలుసని మావారి ఆఫీసులో ఇంకొకరు అన్నారు. మావారు అమ్మేద్దామంటున్నారు. హైబ్రిడ్ కారుకు మినహాయింపు ఉండదా? ఏం చేయమంటారు? రిపోర్టు ఫోటో జతచేస్తున్నాను.
— ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

సమాధానం:

అమ్మా,

ఉత్తరంతో పాటు ఆ రిపోర్టు ఫోటో పంపి మంచి పని చేశారు. దాన్ని రెండుసార్లు చదివాను. కంప్యూటర్ పరీక్ష పాస్. ఇంజిన్ లైటు పాస్. కంటితో చూసే తనిఖీ పట్టికలో ఆవిరి గొట్టాలు పాస్, ఆక్సిజన్ సెన్సార్లు పాస్, మిగతావన్నీ పాస్. ఒక్క క్యాటలిటిక్ కన్వర్టర్ వరుసలో మాత్రం 'మాడిఫైడ్' అని ఉంది. మీ చిక్కంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. కారు చెడిపోలేదు, మీరు తప్పు చేయలేదు, పరీక్ష చేసినవాళ్ళూ తప్పు చేయలేదు. మీ కారు కింద ఉన్న కన్వర్టర్ కాలిఫోర్నియా ఆమోదం ఉన్నది కాదు. ఆ మాట అంటే ఇంతే.

ముందుగా ఆ రెండు వందల డాలర్ల సంగతి తేల్చేస్తాను. ఆ దారిన వెళ్ళకండి. అక్కడ జరిగేది ఏమిటంటే, మీ కారు బదులు బాగున్న ఇంకో కారుకు పరీక్ష యంత్రం తీగ తగిలించి, మీ కారు పేరు మీద సర్టిఫికెట్ పంపిస్తారు. ఇది ఈ రాష్ట్రంలో నేరం. స్మాగ్ చెక్‌లను నడిపే బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపెయిర్ వాళ్ళు ఇలాంటి మోసాలను పరీక్ష సమయంలో కారు కంప్యూటర్ నుంచి వచ్చే సమాచారాన్ని బట్టే పట్టుకుంటున్నారు. దొరికిన చోట లైసెన్సులు పోతున్నాయి, కేసులు నడుస్తున్నాయి. రెండు వందలు ఇచ్చి అలాంటి చిక్కు కొని తెచ్చుకోవడమెందుకు? చట్టం భయం ఒక్కటే కాదు, ఈ పరీక్ష అసలెందుకు పుట్టిందో తెలిస్తే మీకే అటు వెళ్ళాలనిపించదు. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

హైబ్రిడ్‌కు మినహాయింపు లేదు. పూర్తిగా కరెంటుతో నడిచే కారుకు పరీక్ష అక్కర్లేదు. పెట్రోలు కార్లలో 1975, అంతకు ముందు మోడళ్ళకు అక్కర్లేదు. మీ ప్రియస్ బ్యాటరీ మీద ఎంత దూరం నడిచినా అందులో పెట్రోలు ఇంజిన్ ఉంది కాబట్టి పరీక్ష తప్పదు.

49 రాష్ట్రాల కార్లు రిజిస్టర్ కావన్న మాటలో సగమే నిజం. కాలిఫోర్నియా ప్రమాణాలకు కాకుండా కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలకు మాత్రమే తయారైన కార్లను ఇక్కడ అలా పిలుస్తారు. అలాంటి కారు 7,500 మైళ్ళ కంటే తక్కువ తిరిగి ఉంటే ఈ రాష్ట్రం దాన్ని కొత్త కారుగా లెక్కగట్టి, కొన్ని మినహాయింపులు తప్ప, రిజిస్టర్ చేయదు. పన్ను తక్కువనో ధర తక్కువనో పక్క రాష్ట్రంలో కొత్త కారు కొని తెచ్చుకునేవాళ్ళను ఆపడానికి పెట్టిన నిబంధన అది. మీ కారు 1,42,000 మైళ్ళు తిరిగింది, ఆ నిబంధన మిమ్మల్ని తాకదు. పాతది కావడం ఇక్కడ మీకు కలిసొచ్చింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. టెక్సాస్‌లో మూడేళ్ళు పాసైన కారు ఇక్కడ ఎందుకు ఆగింది?

మన ఊళ్ళలో పొగ పరీక్ష అంటే రోడ్డు పక్కన వ్యాను ఆగి ఉంటుంది, సైలెన్సర్ గొట్టంలో కడ్డీ పెడతారు, అయిదు నిమిషాల్లో కాగితం చేతికిస్తారు. ఆ అలవాటుతో మనం ఎక్కడికి వెళ్ళినా పరీక్ష అంటే పొగను కొలవడమే అనుకుంటాం. ఇక్కడ 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోలు కార్లకు గొట్టంలో కడ్డీ పెట్టరు. 2015 నుంచి ఆ కార్లకు పరీక్ష కారులోని కంప్యూటర్‌తోనే జరుగుతోంది. డ్రైవరు ఎడమ మోకాలి దగ్గర, డ్యాష్‌బోర్డు కింద ఒక సాకెట్ ఉంటుంది. అక్కడ తీగ తగిలిస్తే కారు తన గురించి తానే చెబుతుంది. టెక్సాస్‌లోనూ పరీక్షలో ఈ భాగం ఇలాగే జరుగుతుంది. ఈ ఏడాదుల్లో మీ కారు అక్కడ చెప్పిన సమాధానం సరిగానే ఉంది, ఇక్కడా రెండోసారి సరిగానే చెప్పింది. తేడా ఆ తర్వాత వచ్చింది. కాలిఫోర్నియాలో టెక్నీషియన్ టార్చి లైటూ అద్దమూ పట్టుకుని కారు కిందికి చూస్తాడు. కన్వర్టర్ ఉందా, ఉన్నది కారు తయారు చేసిన కంపెనీదేనా, కాకపోతే దాని మీద కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఆమోదం నంబరు ఉందా అని వెతుకుతాడు. టెక్సాస్‌లో ఆ నంబరు ఎవరూ అడగరు. అక్కడ మీ మెకానిక్ వేసిన కన్వర్టర్ అక్కడి నిబంధనల ప్రకారం సరైనదే అయి ఉండవచ్చు. అతణ్ణి తప్పుపట్టడానికి నాకేమీ కనిపించడం లేదు.

ఆ నంబరు ఎలా ఉంటుందో నాకు మా మేనల్లుడి కారు దగ్గర బాగా తెలిసింది. వాడు హ్యూస్టన్ నుంచి వచ్చినప్పుడు సరిగ్గా మీలాగే రిపోర్టు పట్టుకుని దిగులుగా మా ఇంటికి వచ్చాడు. కారు ముందు చక్రాలను ర్యాంపుల మీదికి ఎక్కించి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజిన్ చల్లారేదాకా ఆగి, అట్ట పరచుకుని కిందికి దూరాను. కన్వర్టర్ అంటే పొట్ట ఉబ్బిన స్టీలు డబ్బా. టెక్సాస్ దుమ్మంతా దాని మీదే పేరుకుని ఉంది. తడిగుడ్డతో తుడిచి టార్చి వేస్తే ముందు ఒక బాణం గుర్తు కనిపించింది, పొగ ఎటు పోవాలో చూపించేది. దాని పక్కన విడిభాగం నంబరు, తయారైన తేదీ. అంతే. ఆమోదం ఉంటే అక్కడే 'డి' అక్షరంతో మొదలై, మధ్యలో గీతలతో ఒక నంబరు చెక్కి ఉండాలి. డబ్బా చుట్టూ చేతితో తడిమి చూశాను, రెండోవైపు అద్దం పెట్టి చూశాను. లేదు. వాడు బయట నిలబడి 'మామయ్యా, ఉందా?' అని అడుగుతూనే ఉన్నాడు.

ఆ 'డి' నంబరు కోసం రాష్ట్రం ఎందుకంత పట్టుబడుతుంది? కన్వర్టర్ లోపల తేనెపట్టులా ఉండే పింగాణీ దిమ్మె ఉంటుంది. దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. మీ కారుది దొంగలు కోసుకుపోయింది ఈ లోహాల కోసమే. ప్రియస్‌లో ఇంజిన్ తక్కువసేపు తిరుగుతుంది కాబట్టి ఆ పూత అంతగా అరగదు, అందుకే దొంగలకు ప్రియస్ మీద అంత మోజు. బయటి కంపెనీలు తయారుచేసే చౌక కన్వర్టర్‌లో ఈ పూత పలచగా ఉంటుంది. కేంద్ర పర్యావరణ సంస్థ 1986లో పెట్టిన నియమం ప్రకారం అలాంటి కన్వర్టర్ 25,000 మైళ్ళు తిరిగాక కూడా మండని ఇంధనపు ఆవిరిని, కార్బన్ మోనాక్సైడ్‌ను 70 శాతం తగ్గిస్తే చాలు. నైట్రోజన్ ఆక్సైడ్‌లనైతే 30 శాతం తగ్గిస్తే చాలు. కాలిఫోర్నియా 2009 నుంచి దీన్ని ఒప్పుకోవడం లేదు. ఇక్కడ అమ్మే కొత్త కన్వర్టర్ ఆ కారుకు మొదట్లో పెట్టిన ప్రమాణాన్ని అందుకోవాలి, 50,000 మైళ్ళ వరకు దాన్ని నిలబెట్టుకోవాలి. 5 ఏళ్ళు లేదా 50,000 మైళ్ళ వారంటీ ఇవ్వాలి. లోహం పూత ఎక్కువ పడుతుంది కాబట్టి ధర కూడా బాగా ఎక్కువ. మీ మెకానిక్ తక్కువకు వేయగలిగింది, ఇక్కడ మెకానిక్‌లు చెప్పే ధర విని మీరు ఉలిక్కిపడబోయేది ఈ తేడా వల్లే.

ఆ 30 శాతం దగ్గరే ఈ రాష్ట్రం చరిత్ర అంతా ఉంది. 1943 జులై 26న లాస్ ఏంజెలెస్‌లో గాలి ఎంత చిక్కబడిందంటే, జనం కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే జపాన్ విషవాయువు ప్రయోగించిందేమోనని భయపడ్డారు. యుద్ధం రోజులు కదా. ఆ తర్వాత చాలా ఏళ్ళు కారణం ఎవరికీ సరిగా అంతుపట్టలేదు. లాస్ ఏంజెలెస్ పక్కన పాసడీనాలో ఉన్న కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో అనాసపండు రుచి ఎక్కడి నుంచి వస్తుందో పరిశోధిస్తున్న హాగెన్-స్మిత్ అనే డచ్చి రసాయన శాస్త్రవేత్త, అదే పరికరాలతో పాసడీనా గాలిని పట్టి చల్లార్చి అందులో ఏమున్నదో చూశాడు. కార్ల నుంచి, చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే ఇంధనపు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్‌లు ఎండలో కలిసి ఊపిరికి చేటు చేసే ఓజోన్‌గా మారుతున్నాయని, ఆ చిక్కటి గాలి, అంటే స్మాగ్, అలా పుడుతోందని తేల్చాడు. ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. దేశం మొత్తానికి గాలి చట్టం రాకముందే కాలిఫోర్నియా సొంతంగా నియమాలు పెట్టుకుంది కాబట్టి, తర్వాత వచ్చిన కేంద్ర చట్టాలు కూడా ఈ ఒక్క రాష్ట్రానికి కార్ల విషయంలో వేరే ప్రమాణాలు పెట్టుకునే వీలు ఉంచాయి. 49 రాష్ట్రాల కారు అన్న మాట పుట్టింది అక్కడే.

నేను ఈ దేశంలో మొదట అడుగుపెట్టింది లాస్ ఏంజెలెస్‌కు తూర్పున ఉన్న పొమోనాలో. 1991 ఎండాకాలం. వచ్చిన రెండు నెలల దాకా మా వీధి చివర కొండలున్నాయని నాకు తెలియదు. ఒకరోజు రాత్రి గాలి వీచి, తెల్లారి తలుపు తీస్తే ఉత్తరాన శాన్ గేబ్రియేల్ కొండలు ఆకాశమంత ఎత్తున నిలబడి ఉన్నాయి. పక్కింటావిడ చిన్నకొడుకు ఉబ్బసంతో రాత్రిళ్ళు కూర్చునే నిద్రపోయేవాడు. ఇప్పుడు అదే వీధికి వెళితే ఏడాదిలో చాలా రోజులు ఆ కొండలు కనిపిస్తాయి. ఆ మార్పు ఊరికే రాలేదు. కార్లు ఒక్కొక్కటిగా, కింద ఒక టార్చి వెలుగులో, తనిఖీ అయి వచ్చింది. అందుకే ఆ రెండు వందల డాలర్ల మాట వినగానే నాకు మనసు చివుక్కుమంది.

ఇక మీరు చేయవలసిన పని.

వాహనాలు రిజిస్టర్ చేసే రాష్ట్ర కార్యాలయం డీఎంవీకి ముందు వెళ్ళండి. కన్వర్టర్ సంగతి తేలేదాకా ఆగకండి. ఈ రాష్ట్రంలో స్థిరపడిన 20 రోజుల్లోపు కారు రిజిస్టర్ చేయించుకోవాలి, ఆ తర్వాత జరిమానా పెరుగుతూ పోతుంది. స్మాగ్ సర్టిఫికెట్ లేకపోయినా దరఖాస్తు ఇచ్చి ఫీజు కట్టేయవచ్చు. సర్టిఫికెట్ వచ్చాక మిగతాది పూర్తవుతుంది, జరిమానా అక్కడితో ఆగుతుంది. టెక్సాస్ టైటిల్ (కారు మీదేనని చూపే పత్రం), అక్కడి రిజిస్ట్రేషన్ కాగితం, నింపిన 343 నంబరు దరఖాస్తు తీసుకుని కారులోనే వెళ్ళండి. అక్కడి ఉద్యోగి బయటికి వచ్చి కారు నంబరు, మైళ్ళు చూసి 31 నంబరు కాగితం నింపుతారు. కన్వర్టర్ మార్చేదాకా నడపడానికి తాత్కాలిక అనుమతి ఇవ్వగలరా అని ఆ కౌంటర్‌లోనే అడగండి. కారు కొని చాలా ఏళ్ళయింది కాబట్టి ఇక్కడి కొనుగోలు పన్ను గొడవ మీకు రాదు.

తర్వాత బానెట్ ఎత్తండి. బానెట్ లోపలి వైపునో ఇంజిన్ పక్కనో ఒక స్టిక్కర్ అతికించి ఉంటుంది, ఉద్గారాల సమాచారం అని పైన రాసి ఉంటుంది. అందులో రెండు విషయాలు చూడండి. ఒకటి, కారు ఏ ప్రమాణాలకు తయారైందో రాసిన వాక్యం. అందులో కాలిఫోర్నియా పేరు ఉందా, లేక కేంద్ర సంస్థ పేరు ఒక్కటే ఉందా. రెండోది, 12 అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తు, టెస్ట్ గ్రూప్ అంటారు. మీ కారుకు అది '8టీవైఎక్స్‌వీ01.5' అని మొదలవ్వాలి. మొదటి 8 అంటే 2008 మోడల్, టీవైఎక్స్ అంటే టొయోటా, 01.5 అంటే లీటరున్నర ఇంజిన్. చివరి మూడు అక్షరాలు మీ కారు ఏ రకానిదో చెబుతాయి. ఆ మూడూ ముఖ్యం. ఆమోదం పొందిన కన్వర్టర్లలో ఏది ఏ టెస్ట్ గ్రూప్‌కు సరిపోతుందో ఎయిర్ రిసోర్సెస్ బోర్డు జాబితాలో రాసి ఉంటుంది. ప్రియస్‌కే అని అమ్మే కన్వర్టర్ కూడా మీ టెస్ట్ గ్రూప్‌కు రాసినది కాకపోతే, 'డి' నంబరు ఉన్నా ఫెయిల్ చేస్తారు. చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటున్నారు. స్టిక్కర్ ఫోటో తీసి దగ్గర పెట్టుకోండి, దాన్ని చూడకుండా ధర చెప్పే దుకాణం నుంచి లేచి వచ్చేయండి.

రెండు రకాలు తీసుకోవచ్చు. టొయోటా కంపెనీ మీ కారుకే తయారుచేసిన అసలు భాగం ఒకటి. దాని మీద 'డి' నంబరు అవసరం లేదు. బయటి కంపెనీది, 'డి' నంబరుతో, మీ టెస్ట్ గ్రూప్‌కు జాబితాలో ఉన్నది ఇంకొకటి. పాత కార్ల యార్డులో నుంచి వాడేసిన కన్వర్టర్ తెచ్చి వేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, వాడినవి అమ్మడం, వేయడం ఈ రాష్ట్రంలో కుదరదు.

దీని కంటే ముందు ఒక చిన్న లెక్క చూసుకోవాలి. మీవారు అమ్మేద్దామనడం వట్టి విసుగు అనుకోకండి. పదిహేడేళ్ళు దాటిన ప్రియస్‌కు కన్వర్టర్ కంటే పెద్ద ఖర్చు వెనక సీటు వెనకాల కూర్చుని ఉంటుంది, పెద్ద బ్యాటరీ. అది 28 పెట్టెలను జతలు జతలుగా కలిపి 14 భాగాలుగా కట్టిన బ్యాటరీ. హైబ్రిడ్ కార్లు చూసే మెకానిక్ ఎవరైనా మీటరు తగిలించి ఆ 14 భాగాల వోల్టేజీ విడివిడిగా చదవగలడు. ఎత్తు ఎక్కేటప్పుడు అన్నీ కొంచెం తేడాతో కలిసి తగ్గితే బ్యాటరీ బాగున్నట్టు. ఒకటి రెండు మాత్రం మిగతావాటికంటే బాగా కిందికి పడిపోతుంటే దానికి రోజులు దగ్గరపడ్డాయి. ఈ పరీక్ష చేయించాకే కన్వర్టర్ కొనండి. బ్యాటరీ బాగుంటే, ఇంజిన్ నూనె తాగకపోతే, ఈ కారును ఉంచుకోమనే నేను చెబుతాను. దీని విలువ డబ్బుల్లో కొలిచేది కాదని మీకు తెలుసు, నాకూ మీ ఉత్తరంలో కనిపించింది. కానీ బ్యాటరీ కూడా పోతుంటే రెండు ఖర్చులు ఒక్కసారి నెత్తిన వేసుకోవద్దు. అలాంటప్పుడు కూడా కాలిఫోర్నియాలో అమ్మే ప్రయత్నం చేయకండి. ఇక్కడ కారు అమ్మేవారే స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కాబట్టి మళ్ళీ మొదటికే వస్తారు. టెక్సాస్‌లో మీకు తెలిసినవాళ్ళకు ఇచ్చేయడం సులువు, అక్కడ ఈ కారు ఇలాగే నడుస్తుంది.

రాష్ట్రం నుంచి రిపేరు సాయం వస్తుందని ఎవరైనా చెబితే ఆశపడకండి. అలాంటి పథకం ఉన్న మాట నిజమే, కానీ అది ఇక్కడ ఇప్పటికే రిజిస్టరై రెండేళ్ళకోసారి వచ్చే పరీక్షలో ఫెయిలైన కార్లకు. మొదటిసారి రిజిస్టర్ చేయించుకునే బయటి రాష్ట్రాల కార్లకు వర్తించదు.

కన్వర్టర్ వేయించాక మీరు మొదటిసారి చేసిన పొరపాటు మళ్ళీ చేయకూడదు, అందుకని ఆ మానిటర్ల సంగతి కాస్త విడమరిచి చెబుతాను. మీ కారు కంప్యూటర్ ఒక్కో భాగాన్ని నడుస్తూ నడుస్తూ తానే పరీక్షించుకుంటుంది, పరీక్ష పూర్తయితే గుర్తు పెట్టుకుంటుంది. డిక్కీలో కుడివైపు ఉన్న ఆ చిన్న 12 వోల్టుల బ్యాటరీ తీసిన క్షణంలో ఆ గుర్తులన్నీ చెరిగిపోతాయి. ఇంజిన్ లైటు ఆర్పడానికి కోడ్‌లు చెరిపినా అంతే. మీరు బ్యాటరీ మార్చిన మర్నాడే వెళ్ళారు, కారు దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది. 2000, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు ఒక్క ఇంధన ఆవిరి పరీక్ష తప్ప మిగతావన్నీ పూర్తయి ఉండాలి. టెక్సాస్‌లో ఏదో ఒకటి మిగిలిపోయినా పోనిస్తారు, ఇక్కడ ఆ వెసులుబాటు ఆవిరి పరీక్షకు మాత్రమే.

ప్రియస్‌లో అన్నిటికంటే ఆలస్యమయ్యేది కన్వర్టర్ పరీక్షే. దానికి ఇంజిన్ వేడెక్కి, ఆగకుండా, ఒకే తీరున కాసేపు తిరగాలి. ఊళ్ళో సిగ్నళ్ళ మధ్య నడిపితే ప్రియస్ ఇంజిన్ మాటిమాటికీ ఆగిపోతుంది, పరీక్ష ఎప్పటికీ పూర్తి కాదు. మీ మోడల్‌లో గంటకు 42 మైళ్ళు దాటితే ఇంజిన్ తిరగక తప్పదు. అందుకని ఇలా చేయండి. పెట్రోలు సగం ట్యాంకు ఉంచుకుని, రాత్రంతా కారు కదపకుండా ఉంచి, ఆదివారం పొద్దున్నే 680 హైవే ఎక్కండి. కుడి వరుసలో 55 దగ్గర, గట్టిగా తొక్కకుండా, గట్టిగా బ్రేకు వేయకుండా ఓ ఇరవై నిమిషాలు వెళ్ళి తిరిగి రండి. రెండు మూడు రోజులు ఇలా చేస్తే సరిపోతుంది. ఇరవై ముప్పై డాలర్లకు దొరికే చిన్న రీడర్ కొనుక్కుని మోకాలి దగ్గరి సాకెట్‌కు తగిలిస్తే ఏ మానిటర్ పూర్తయిందో ఫోనులోనే కనిపిస్తుంది. అన్నీ పూర్తయ్యాయని మీ కళ్ళతో చూశాకే పరీక్షకు వెళ్ళండి. మీకంటే కొత్త కార్లు ఉన్నవాళ్ళకు ఒక మాట: 2010, ఆ తర్వాతి మోడళ్ళలో చెరపడానికి వీల్లేని శాశ్వత కోడ్‌లు కూడా ఉంటాయి, 2019 జులై నుంచి వాటినీ చూస్తున్నారు. లోపం బాగుచేయకుండా లైటు మాత్రం ఆర్పి వెళ్ళడం వాళ్ళకు అసలు పనికిరాదు.

పాసైతే సర్టిఫికెట్ మీ చేతికి ఇవ్వనక్కర్లేదు, కంప్యూటర్ ద్వారా డీఎంవీకి చేరుతుంది. దానికి ప్రభుత్వ రుసుము 8.25 డాలర్లు, పరీక్ష ఫీజు మాత్రం దుకాణానికో రకం. 90 రోజులు చెల్లుతుంది. ఒకవేళ అన్నీ సరిగా ఉండి కూడా టెక్నీషియన్ ఒప్పుకోకపోతే, నంబరు సరిగా కనిపించడం లేదంటే, వాదులాటకు దిగకండి. ఇలాంటి తగవులు తీర్చడానికే రాష్ట్రం స్మాగ్ చెక్ రిఫరీలను పెట్టింది. అపాయింట్‌మెంట్ తీసుకుని స్టిక్కర్ ఫోటో, బిల్లు పట్టుకుని వెళితే ఓపికగా చూసి తేలుస్తారు.

ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ళలో వచ్చే నెలలోనో ఆపై నెలలోనో టెక్సాస్ నుంచో జార్జియా నుంచో పాత కారుతో ఇటు రాబోతున్నవాళ్ళు ఉంటారు. సామాను కట్టకముందే ఒకసారి కారు కిందికి చూడండి. అక్కడే కన్వర్టర్ మార్చవలసి వస్తే కాలిఫోర్నియా ఆమోదం ఉన్నదే అడగండి. టెక్సాస్‌లో దాన్ని వేయడానికి ఏ అడ్డంకీ లేదు, న్యూయార్క్, కొలరాడో, మెయిన్ రాష్ట్రాలు కూడా ఇప్పుడు కాలిఫోర్నియా ఆమోదమే అడుగుతున్నాయి. అక్కడ తక్కువలో ఒకటి, ఇక్కడ ఎక్కువలో ఇంకొకటి కొని రెండుసార్లు ఖర్చు పెట్టుకున్న కుటుంబాలను ఈ పదేళ్ళలో నేను చాలా చూశాను.

అమ్మా, కొత్త కన్వర్టర్ వేసేటప్పుడే దాని మీద మీ కారు వీఐఎన్ (ప్రతి కారుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు) చెక్కించండి, కింద ఇనుప రేకు కవచం కూడా వేయించండి. ఫ్రీమాంట్‌లోనూ దొంగలు ఉన్నారు. కవచం మాత్రం నాలుగు బోల్టులు విప్పితే వచ్చేదిగా చూడండి, పరీక్ష రోజున టెక్నీషియన్‌కు 'డి' నంబరు కనిపించాలి. బిల్లు మీద ఆ నంబరు మెకానిక్ చేతే రాయించుకుని, రిజిస్ట్రేషన్ కాగితంతో కలిపి గ్లవ్ బాక్సులో పెట్టండి. స్టిక్కర్ ఫోటో నాకు పంపితే, మీరు డబ్బు కట్టకముందే జాబితాతో సరిచూసి ఏది సరిపోతుందో రాస్తాను.